సగమే చెప్పినవ్ కొడుకా

పోయిన డిసెంబర్ చివర్లో నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు నన్ను మాట్లాడమని పిలిచారు. కష్టాల్లోంచి ఎదగడం ఎలా అన్నది టాపిక్. ఇంటర్ తప్పినవాణ్ని, జిరాక్సు షాపులో పనిచేసినవాణ్ని, ఇప్పుడు బ్యాంకులో మేనేజర్ని. ఇలాంటి మీటింగులకు నాలాంటి సరుకే కావాలి. శాలువా కప్పి మైకు చేతికిచ్చారు.

బత్తాయితో మొదలుపెట్టాను. నల్లగొండలో ఏ మీటింగు పెట్టినా వచ్చినవాళ్లలో సగం మందికి తోటైనా ఉంటుంది, తోటల్లో కూలికి పోయే అమ్మైనా ఉంటుంది. "చెట్టు పూతకు రావాలంటే రైతు ఏం జేస్తడు?" అని అడిగాను. వెనక బెంచీ నుంచి ఒకడు "బెట్టకు వదుల్తడు సార్" అన్నాడు. నాకు కావలసింది అదే.

తెలియని వాళ్లకు చెప్పాలి. మా దగ్గర ఎక్కువగా పెట్టేది సాత్గుడి రకం. దానికి నీళ్లు ఎప్పుడూ కడుపునిండా పెడుతూ పోతే కొమ్మా ఆకూ వేసుకుంటుంది గానీ పూత ఒక్కసారిగా రాదు. అందుకని డిసెంబర్‌లో నీళ్లు ఆపేస్తారు. చెలక నేలైతే తక్కువ రోజులు, నల్లరేగడైతే ఎక్కువ రోజులు. ఆకు నిగనిగ పోతుంది, అంచులు లోపలికి ముడుచుకుంటాయి, కొంత రాలుతుంది కూడా. అప్పుడు పాదులు తవ్వి, పెంట వేసి, నీళ్లు విడుస్తారు. ఇంకొన్నాళ్లకు తోట తోటంతా తెల్లబడుతుంది.

"జీవితం నన్ను కూడా గట్లనే ఎండగట్టింది. ఎండగట్టింది కాబట్టే పూసిన" అన్నాను. చప్పట్లు మోగాయి. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కళ్లు చెమ్మగిల్లాయో, అద్దాలకు దుమ్ము పట్టిందో. నేనైతే మొదటిదే అనుకున్నాను.

ఎవరో తీసిన వీడియో తిరిగి తిరిగి మా ఇంటి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. మేనత్తలు దండాలు పెట్టారు, బావలు బొటనవేళ్లు ఎత్తారు. నాయినకు టైప్ చేయడం రాదు, వాయిస్ పెడతాడు. రాత్రి తొమ్మిదింటికి పెట్టాడు.

"ఇన్న రా. మంచిగనే మాట్లాడినవ్. గానీ సగమే చెప్పినవ్ కొడుకా. పండుగకొస్తవ్ గద, అప్పుడు మాట్లాడుకుందాం."

పదకొండు సెకన్లు. సంక్రాంతి దాకా మూడు వారాలు నేను ఆ పదకొండు సెకన్లే మోశాను. మిగతా సగం ఏదో నాకు తెలుసు. నాయినకు తెలియదని ఇరవై ఏళ్లకు పైగా అనుకుంటూ వచ్చాను.

మాది దేవరకొండ రోడ్డు మీద దర్వేశిపురం ఎల్లమ్మ గుడి దాటాక లోపలికి పోయే ఊరు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, 1996లో, నాయిన రెండెకరాల చెలకలో తోట పెట్టాడు. తాడు పట్టి, ఇరవై అడుగులకో ముగ్గుబొట్టు వేసి గుంతలు తీశాడు. ఎకరానికి 108 మొక్కలు, రెండెకరాలకు 216. ఆ అంకె మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. మధ్యలో నాలుగు చచ్చిపోయినా, ఎవరడిగినా నాయిన 216 అనే చెప్పేవాడు.

ఐదో ఏట కాపు మొదలైంది. దళారి వచ్చి చెట్ల మీదే బేరం చేసేవాడు. కోత రోజు తూకంలో సూటు పేరుతో టన్నుకు ఇన్ని కిలోలని కోసేవాడు. కాయ లారీల్లో హైదరాబాద్ పోయేది. మొదటి కాపు డబ్బులతో అక్కకు కమ్మలు, ఇంటికి ఒక సీలింగ్ ఫ్యాను వచ్చాయి. అన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది పూత వాసన. రాత్రిపూట తలుపు తీస్తే మంచం దాకా వచ్చేది. మా ఊరికి వచ్చే చివరి బస్సు మా తోట పక్కన నెమ్మదయ్యేది. అక్కడ రోడ్డు మీద మోకాలి లోతు గుంత ఉండేది, ఊరందరికీ తెలుసు. నాయిన మాత్రం డ్రైవర్ వాసన కోసమే ఆపుతున్నాడనేవాడు.

(మా నీళ్ల గురించి ఒక్క మాట. మర్రిగూడ దిక్కు మనుషుల నడుములు వంచినంత ఫ్లోరైడ్ మా ఊళ్లో లేదు గానీ, పళ్ల మీద చారలు తెచ్చేంత ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. పళ్లు లోపల తయారయ్యే చిన్న వయసులో తాగిన నీళ్ల ముద్ర అది, తర్వాత ఎంత తోమినా పోదు. కాలేజీ గ్రూప్ ఫొటోలో నోరు మూసుకొని నిలబడ్డది నేనొక్కణ్నే. స్పీచ్‌లో ఇది కూడా వాడుకున్నాను, కాస్త జాలి పుట్టేలా.)

2002లో వానలు పడలేదు. మా ఒక్క ఊరికే కాదు, రాష్ట్రమంతా కరువే. రెండించులు పోసే మా బోరు ఇంచున్నరకు, తర్వాత ఇంచుకు దిగింది. చలికాలం పోయేసరికి ఆగి ఆగి పోయడం మొదలుపెట్టింది. అరగంట పోసేది, తర్వాత పైపు దగ్గినట్టు గాలి కక్కేది. బుస్సుమనగానే బంద్ చేయాలి. గంట ఆగి మళ్లీ వేయాలి. చేయకపోతే మోటరు నీళ్లు లేకుండా తిరిగి కాలిపోతుంది. త్రీ ఫేస్ కరెంటు వంతుల వారీగా వచ్చేది కాబట్టి, ఆ వచ్చిన కొన్ని గంటలూ ఎవరో ఒకరు స్టార్టర్ డబ్బా పక్కన కూర్చోవాలి.

2003 మార్చి 1. ఆ రోజు శివరాత్రి. అమ్మా నాయినా పానగల్ పోయారు, ఛాయా సోమేశ్వరంలో జాగారం చేయడానికి. గర్భగుడిలో పొద్దుతో పాటు కదలని నీడ పడే గుడి అది. అమ్మకు దాని మీద చాలా నమ్మకం. కరువు ఏడు కాబట్టి ఆ సారి నమ్మకం ఇంకొంచెం ఎక్కువైంది. అక్కను కూడా తీసుకుపోయారు. నాకు ఇంటర్ రెండో ఏడు పరీక్షలు దగ్గరికొచ్చాయి, పైగా ఆ వారం కరెంటు వంతు సాయంత్రం పూట. బస్సెక్కేటప్పుడు నాయిన అన్నాడు: "పుస్తకం వట్టుకొని మోటరు కాడ కూసో. బుస్సుమనంగనే బంద్ చెయ్. నీ జాగారం ఈడ్నే."

అదే రోజు సెంచూరియన్‌లో ఇండియా, పాకిస్తాన్ వరల్డ్ కప్ మ్యాచ్. ఆ వయసు దాటినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. పాకిస్తాన్ 273 కొట్టింది. పొద్దుగూకేటప్పుడు కరెంటొచ్చింది, మోటరు వేశాను. నీళ్లు వచ్చాయి. అరగంట టైముంది కదా, ఊళ్లోకి పోయి స్కోరు చూసి వద్దామనుకున్నాను. పటేలోళ్ల ఇంట్లో కలర్ టీవీ ముందు ఊరు సగం కూర్చొని ఉంది. షోయబ్ అక్తర్ బంతిని సచిన్ థర్డ్ మ్యాన్ మీదుగా సిక్సర్ కొట్టాడు. ఇంక ఒక్క ఓవర్ చూసి పోదామనుకున్నాను. తర్వాత, సచిన్ ఔటైతే పోదామనుకున్నాను. సచిన్ ఔటవ్వడే! 98 దగ్గర ఔటయ్యాడు. అయ్యో అని అందరూ తలలు పట్టుకుంటుంటే నేను చెప్పులు వెతుక్కుంటున్నాను.

తోటలో చప్పుడు లేదు. పైపు మూతి దగ్గర తడి అప్పుడే ఆరిపోతోంది. స్టార్టర్ పడిపోయి ఉంది. ఆకుపచ్చ బటన్ నొక్కితే ఊఁ అని మూలిగి టప్పున పడిపోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే. ఊళ్లోంచి పటాకుల చప్పుడు వినబడింది, గెలిచాం. నేను ఆ డబ్బా ముందు పుస్తకం ఒళ్లో పెట్టుకొని తెల్లారేదాకా కూర్చున్నాను. జాగారం మాత్రం పూర్తిగా చేశాను.

పొద్దున నాయిన వచ్చాడు. నుదుట విభూతి అలాగే ఉంది, ఉపవాసం ఇంకా విడవలేదు. "ఓల్టేజ్ తక్కువొచ్చింది నాయినా. బటన్ నొక్కంగనే కాలింది" అన్నాను. నాయిన డబ్బా మూత తీసి చూశాడు, ఫీజులు చూశాడు, నన్ను చూశాడు. "సరే తియ్" అన్నాడు. అంతే.

మోటరు పైకి గుంజడానికి ఒక రోజు. నల్లగొండలో వైండింగ్ షాపు ముందు మా మోటరు లాంటివి వరసగా పడున్నాయి, ఆ ఏడు అందరివీ కాలుతున్నాయి. తొమ్మిది రోజులు పట్టింది. అప్పుడు చెట్లకు శనగ గింజంత పిందెలున్నాయి. నీళ్లు లేక అవి రాలడం మొదలైంది. తోటలో నడుస్తుంటే కాళ్ల కింద చిటపటమని నలిగేవి. ఆ చప్పుడు వినలేక గట్టు మీద నుంచి నడిచేవాణ్ని. ఆ పరీక్షల్లో లెక్కలు తప్పాను. గడియారం చౌరస్తా దగ్గర నెట్ సెంటర్‌లో నంబర్ కొట్టి చూసిన అబ్బాయి ఏమీ అనకుండా స్క్రీన్ నా వైపు తిప్పాడు, రెండు రూపాయలు మాత్రం తీసుకున్నాడు.

మే నెలలో బోరు బండి వచ్చింది. ఎంత చెప్పినా బోరు వేయించడం గురించి వేయించనివాళ్లకు తెలియదు. నీళ్లు చూసే ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని తోటంతా తిరిగి ఒక చోట ఆగాడు. కాయ నిలబడిందన్నాడు. అక్కడ నిమ్మకాయ, కుంకుమ, అగరుబత్తి. బండి రాత్రి పదింటికి వచ్చింది, పగలంతా వేరే ఊళ్లో పని. ఒక లారీ మీద కంప్రెసర్, ఇంకో లారీ మీద రాడ్లు. మొదలుపెట్టగానే మనిషి మాట మనిషికి వినబడదు. కేసింగ్ పైపు దించాక రాయి తగిలింది. అప్పటినుంచి బోరు మూతిలోంచి తెల్లటి పొడి ఎగిరి చెట్ల మీద, మా తలల మీద, అమ్మ తెచ్చిన అన్నం గిన్నె మూత మీద పడుతూనే ఉంది. నాయిన ప్రతి రాడ్డుకూ ఆ పొడిని గుప్పెడు తీసుకొని పిండేవాడు. ముద్దైతే తడి తగిలినట్టు. వేళ్ల సందుల్లోంచి పిండిలా జారిపోయేది.

200 అడుగులు. 260. ఏజెంటు వచ్చి చెవిలో అరిచి అడిగాడు, ఆపమంటవా, పోనియ్యమంటవా. అడుగుకు ఇంత అని లెక్క. నాయిన ఇంకో రాడ్డు అని వేలు చూపించాడు. 280 దగ్గర పొడి కొంచెం నల్లబడింది, అమ్మ లేచి నిలబడింది. 300 దగ్గర మళ్లీ తెల్లబడింది. 320 దగ్గర నాయిన చెయ్యి ఊపాడు. కంప్రెసర్ ఆగాక చెవుల్లో ఒక్కటే గుయ్ మంటూ ఉంది. ఎవరూ మాట్లాడలేదు. బండి కుర్రాడొకడు నాయిన తల మీది పొడి తన తువ్వాలతో దులిపాడు.

రెండోది వారం తర్వాత వేశారు. దాని గురించి చెప్పడానికేం లేదు.

ఆ ఎండాకాలం ట్యాంకర్లు కొట్టించాం. 5 వేల లీటర్ల ట్యాంకర్‌ను 216 చెట్లకు పంచితే చెట్టుకు బిందెన్నర. కాసే చెట్టుకు మే నెలలో అది గొంతు తడవడానికే. నేను సప్లిమెంటరీలో కూడా తప్పాను. మేనమామ నల్లగొండలో, రామగిరిలో ఉండేవాడు. ఆయన ఇంట్లో ఉంటూ జిరాక్సు షాపులో పనికి కుదిరాను. తర్వాత ఏడు పాసయ్యాను, డిగ్రీ చదివాను, బ్యాంకు పరీక్ష రెండోసారికి కొట్టాను. స్పీచ్‌లో ఇరవై నిమిషాలు పట్టింది ఇంతే.

2004 గురించి మాత్రం కొంచెం ఆగాలి. ఆ ఏడే వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది, మా బోరులో నీళ్లు లేవు. ఆ ఏడే మా జిల్లా అక్కంపల్లి నుంచి కృష్ణా నీళ్లు, కోదండాపూర్‌లో శుద్ధయి, పైపుల్లో హైదరాబాద్ నల్లాలకు చేరాయి. ఇందులో ఎవర్నీ అనడానికి లేదు, ఇప్పుడు నేనూ ఆ నగరంలో ఆ నీళ్లే తాగుతున్నాను. కానీ ఆ ఏడే చెట్లు కొట్టించాం. ఇటుక బట్టీ వాళ్లు వచ్చి కొనుక్కుపోయారు. బత్తాయి కట్టె లోపల లేత పసుపు రంగులో ఉంటుందని అప్పుడే చూశాను. అక్క డిగ్రీ రెండో ఏడులో ఆపేసి మిషన్ నేర్చుకుంది.

ఇదీ నేను చెప్పని సగం. వాయిస్ మెసేజ్ విన్న రాత్రి నుంచి ఆ సగమే లెక్క గట్టుకుంటూ ఉన్నాను. మేనేజర్‌ని కదా, లెక్కలు బాగా కడతాను. నేను మ్యాచ్‌కు పోకపోతే మోటరు కాలేది కాదు. మోటరు కాలకపోతే పిందె రాలేది కాదు. పిందె నిలబడితే కాపు డబ్బులు వచ్చేవి, అప్పు చేయకుండా బోరు వేసేవాళ్లం, ఇంకా లోతుకు పోయేవాళ్లం, నీళ్లు పడేవి, తోట బతికేది, అక్క చదివేది. ఒక్క బటన్. ఇన్నేళ్లూ కష్టాలు నన్ను పెంచాయని ఊరూరా చెప్పుకుంటున్నాను, ఆ కష్టం తెచ్చిపెట్టిందే నేను కదా అనుకున్నాను. ఆఫీసులో లోన్ ఫైలు తిరగేస్తుంటే శనగ గింజలు నలిగిన చప్పుడు వినబడేది. మా ఆవిడ బీపీ చూపించుకోమంది.

సంక్రాంతికి పోయాను. అక్క మిర్యాలగూడ నుంచి వచ్చింది. ఇప్పుడు దానికి సొంత టైలరింగ్ షాపు, కింద ముగ్గురు పనిచేస్తారు. సకినాల పిండి చేతులతో కూర్చున్న దాని దగ్గర మొదలుపెట్టాను. మోటరు సంగతి, మ్యాచ్ సంగతి, నా అబద్ధం, దాని డిగ్రీ. చెప్తూ చెప్తూ గొంతు పూడుకుపోయింది. "నా వల్లనే నువ్వు చదువు ఆపినవ్ అక్కా" అన్నాను.

అక్క సకినం చుట్టు తిప్పుతూనే ఉంది. అది పూర్తయ్యాక తలెత్తింది.

"ఏందిరా నీ లొల్లి. మొన్న వీడియోల చూస్తే కష్టపడి పైకొచ్చింది నువ్వొక్కనివే. ఇయ్యాల చూస్తే అందరినీ ముంచింది నువ్వొక్కనివే. అండ్ల నువ్వే, ఇండ్ల నువ్వే. మేమంత ఏడున్నం రా?"

నేనేదో అనబోయాను.

"నాకు ఆ కాలేజ్ నచ్చలే. పొద్దుగాల ఆరింటి బస్సు, సాయంత్రం ఏడింటి బస్సు, నడుమ ఆ బాటనీ. మిషన్ నేర్చుకుంట అన్నది నేను. అమ్మ వద్దన్నా ఇనలే. నా షాపు నా తెలివితోని పెట్టిన. నీ వల్ల ఆగిన దాన్ని, నీ వల్ల చెడ్డ దాన్ని అని ఎవలకన్న చెప్పినవో, సకినాల గంటెతోని కొడుత."

నిజమో, నన్ను ఊరుకోబెట్టడానికి అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే గంటె తీస్తుంది. కానీ ఆ రాత్రి పడుకున్నాక ఒక సంగతి తట్టింది. రామగిరిలో ఉన్నన్నాళ్లూ మామ ఇంట్లో తిన్నాను, అత్త పొద్దున్నే లేచి నాకు టిఫిన్ డబ్బా కట్టేది. అత్త చనిపోయి ఆరేళ్లయింది. హీరోగా చెప్పిన కథలో ఆమె లేదు, దోషిగా చెప్పుకున్న కథలోనూ లేదు.

తెల్లారి నాయినతో తోటకు పోయాను. కాలువ నీళ్లు వచ్చి చుట్టుపక్కల చెరువులు నిండుతున్నాక ఊళ్లో బోర్లు కాస్త కోలుకున్నాయి. 2014లో నాయిన మళ్లీ ఎకరం పెట్టాడు. వద్దని నేను ఎంత మొత్తుకున్నానో. 108 చెట్లు, ఇప్పుడు మంచి వయసులో ఉన్నాయి. ఆ వారమే బెట్ట విరుస్తున్నాడు. పాదులు తవ్వి ఉన్నాయి. ఆకులు నీరసంగా వేలాడుతున్నాయి, చేత్తో పట్టుకుంటే పాత నోటులాగా ఉన్నాయి.

"సగమే చెప్పినవ్ అన్న గద" అన్నాడు నాయిన.

గుండె దడదడలాడింది. ఏం మాట్లాడకుండా నిలబడ్డాను.

"ఎండగట్టెడిది చెప్పినవ్. నీళ్లు ఎట్ల ఇయ్యాల్నో చెప్పలే. పాదులు తవ్వి నీళ్లు ఇడుస్తరు అని ఒక్క ముక్కల తేల్చినవ్. రేపు ఆ పోరగాండ్ల ఎవడన్న తోట వెట్టి, నువ్వు చెప్పినవని ఎండినంక ఒక్కపాలే నింపిండనుకో, ఏమైతది? వచ్చిన పూత వచ్చినట్టు రాల్తది. మొదటి తడి పల్చగ ఇయ్యాలె. నాలుగొద్దులు ఆగాలె. మల్ల ఒక తడి. అటెంక పూర్తిగ."

నేను నోరు తెరిచి చూస్తున్నాను. మూడు వారాల నా టెన్షన్, బీపీ, ఆ లెక్కంతా ఇందుకా.

"ఇంకోటి" అన్నాడు, వంగి పాదులో మట్టి గడ్డ పగలగొడుతూ. "బోర్ల నీళ్లున్నోడే ఎండగట్టాలె. లేనోడు ఎండగడితే దాన్ని బెట్ట అనరు, కరువంటరు. గది గూడ చెప్పలే నువ్వు."

అప్పుడు చెప్పేశాను. "నాయినా, ఆ శివరాత్రి నాడు మోటరు కాడ నేను లేను. మోటరేసి ఊళ్లెకు పోయిన. ఓల్టేజ్ అని అబద్ధం చెప్పిన."

నాయిన గడ్డ పగలగొట్టడం ఆపలేదు. "ఆ మోటరా? అది అంతకుముందే రెండుపాలు కాలింది గద. బోరే అడుగంటింది, మోటరుదేమున్నది. నువ్వు కూసున్నా ఇంకో నెల నడిచేది." కొంచెం ఆగి, "ఆ ఏడు పక్కన చేన్లది కూడ ఎండింది. వాళ్ల పోరడైతే మోటరు కాడ్నే పండుకునేటోడు" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా దాచుకున్నది మట్టి గడ్డ కంటే తొందరగా పగిలింది. నిజం చెప్పాలంటే నాకు తేలిక కావాలి. కాలేదు, కొంచెం చిన్నబోయినట్టయింది. నా తప్పుకు కూడా నేననుకున్నంత బరువు లేదు.

నాయిన పైపు నా చేతికిచ్చి స్టార్టర్ దగ్గరికి నడిచాడు. మోకాళ్లు సరిగా వంగవు, గట్టు ఎక్కడానికి కొమ్మ పట్టుకున్నాడు. మోటరు వేశాడు. నీళ్లు చల్లగా వచ్చి చెయ్యి జలదరించింది. "పల్చగ" అని అక్కడినుంచే అరిచాడు. మొదటి పాదులో పట్టాను. ఎండిన మట్టి సుయ్ మంటూ పీల్చుకుంది. "చాలు. తర్వాత దానికి." నాకు అప్పుడే మొదలైనట్టుంది. ఇంకొంచెం పట్టబోయాను. "చాలన్న గద" అన్నాడు. పదో చెట్టుకో పన్నెండో చెట్టుకో చెయ్యికి అంచనా దొరికింది. అమ్మ చద్దన్నం తెచ్చి గట్టు మీద పెట్టింది.

రెండు వరసలయ్యాక నాయిన తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "నేను తినొస్త. ఈ రెండు వరసలు నువ్వు వెట్టు. పైపు బుస్సుమంటె బంద్ చెయ్."

"సరే నాయినా."

నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఇయ్యాల మ్యాచేమన్న ఉన్నదా?"